పరుగెత్తే ఫిరంగి... నత్తనడక ఫైలు

శత్రువు గురి చూసేలోగా చోటు మార్చేసే వంద ఫిరంగుల కోసం భారత సైన్యం రెండు దశాబ్దాలు ఎదురుచూసింది. తీరా అవి చేతికొచ్చేసరికి యుద్ధం తీరే మారిపోయింది

గుజరాత్‌లోని హజీరా. 2021 ఫిబ్రవరి 18. లార్సెన్ అండ్ టూబ్రో (ఎల్ అండ్ టి) కర్మాగారం నుంచి నూరో కె-9 వజ్ర ఫిరంగిని అప్పటి సైన్యాధిపతి జనరల్ ఎం.ఎం. నరవణె జెండా ఊపి సాగనంపారు. 2017 మేలో కుదిరిన ఒప్పందం గడువుకు ముందే పూర్తయింది. మన రక్షణ కొనుగోళ్ల చరిత్ర తెలిసినవారికి ఇది చిన్న ముచ్చటేమీ కాదు. కాకపోతే ఈ లెక్క మొదలైంది 2017లో కాదు. ట్యాంకు మాదిరిగా గొలుసు చక్రాల మీద నడిచే వంద ఫిరంగులు కావాలని సైన్యం కాగితం మీద రాసుకున్నది 1999లో. రాసుకున్ననాటి నుంచి ఒప్పందం మీద సంతకానికి పద్దెనిమిదేళ్లు పట్టింది. సంతకం తర్వాత వంద ఫిరంగులూ తయారై రావడానికి నాలుగేళ్లు కూడా పట్టలేదు. జాప్యం ఎక్కడుందో ఈ రెండు అంకెలే చెబుతాయి.

తెలుగులో ఫిరంగి అన్న మాటకు మూలం 'ఫరంగీ'. అంటే యూరప్ వాడు, పరదేశి. ఆయుధం పేరే పరదేశి అయినప్పుడు దాని చుట్టూ అల్లుకున్న రాజకీయం స్వదేశీ, విదేశీ అన్న రెండు మాటల మధ్య తిరగడంలో వింతేముంది? గత నాలుగు దశాబ్దాలుగా భారత శతఘ్ని దళం కథ అదే.

కొట్టు, కదులు

ఫిరంగిని ట్యాంకులా నడిపించాల్సిన అవసరం ఏమొచ్చిందో తెలియాలంటే ముందు రాడార్ గురించి చెప్పుకోవాలి. ఫిరంగి గుండు గాలిలో వంపు తిరిగిన దారిలో వెళ్తుంది. పాతిక, ముప్ఫై కిలోమీటర్ల దూరంలోని లక్ష్యాన్ని చేరడానికి దానికి నిమిషానికి పైగానే పడుతుంది. అది ఇంకా పైకి లేస్తుండగానే అవతలి పక్షం రాడార్ దాన్ని పసిగట్టి, దారిని లెక్కగట్టి, ఏ చోటు నుంచి పేలిందో చెప్పేస్తుంది. అంటే మొదటి గుండు లక్ష్యాన్ని తాకే సమయానికే పేల్చినవాడి చిరునామా శత్రువు చేతిలో ఉంటుంది. జవాబు రావడానికి ఇక రెండు మూడు నిమిషాలు చాలు.

లారీ వెనుక కట్టి లాక్కెళ్లే ఫిరంగికి ఇది ప్రాణాంతకం. దాన్ని విప్పాలి, వెనుక కాళ్లు విడదీసి నేలలో పాతాలి, పేల్చాక మళ్లీ మడిచి లారీకి తగిలించాలి. ఆ పని చేసేది బహిరంగంగా నిలబడ్డ అరడజను మందికి పైగా జవాన్లు. స్వయంచలిత ఫిరంగిలో సిబ్బంది ఉక్కు గోడల లోపల ఉంటారు. కె-9 సంగతే చూస్తే 47 టన్నుల బరువు, వెయ్యి అశ్వశక్తి ఇంజిన్, ఐదుగురు సిబ్బంది, లోపల 48 గుండ్లు. నిలిచి ఉన్నప్పుడు ఆదేశం అందిన 30 సెకన్లలో, పరుగులో ఉన్నప్పుడైతే ఆగి 60 సెకన్లలో తొలి గుండు పేల్చగలదు. 15 సెకన్లలో మూడు గుండ్లను మూడు వేర్వేరు కోణాల్లో వదిలి, మూడూ ఒకేసారి ఒకే చోట పడేలా చేయగలదు. ఆ వెంటనే అక్కడి నుంచి మాయమవుతుంది. సైనిక పరిభాషలో దీన్ని 'షూట్ అండ్ స్కూట్' అంటారు. కొట్టు, కదులు.

ఆలోచన కొత్తదేమీ కాదు. బ్రిటిష్ వాళ్లు 1917లోనే ట్యాంకు మీద ఫిరంగినెక్కించే వాహనం తయారుచేసి, చివరకు దాన్ని ఎక్కువగా సరుకులు మోయడానికే వాడుకున్నారు. రెండో ప్రపంచ యుద్ధం నాటికి గానీ ఈ ఆయుధానికి గిరాకీ రాలేదు. అమెరికా తయారుచేసిన ఎం-7 వాహనంపై మెషిన్‌గన్ కోసం అమర్చిన గుండ్రటి గూడు చర్చిలో ప్రసంగ వేదికలా కనిపించడంతో బ్రిటిష్ సైనికులు దానికి ప్రీస్ట్ అని పేరుపెట్టారు. 1942లో ఎల్ అలమైన్ ఎడారి పోరులో అది రంగంలోకి దిగింది. బిషప్, సెక్స్‌టన్, అబట్... ఇలా చర్చి బిరుదులన్నీ బ్రిటిష్ ఫిరంగులకెక్కాయి. వీటిలో ఆఖరిదైన అబట్‌ను భారత్ కూడా కొన్నది. మఠాధిపతి పేరున్న ఆ 105 మిల్లీమీటర్ల ఫిరంగి తర్వాత మనవాళ్లు భీమ్, వజ్ర అంటూ పురాణాల్లోకి వచ్చారు. పేర్లు పెట్టడంలో మనకెప్పుడూ జాప్యం లేదు.

1980లలో పాకిస్థాన్ అమెరికా నుంచి ఎం-109 స్వయంచలిత ఫిరంగులను, వాటితో పాటు ఎదుటి ఫిరంగులను పసిగట్టే రాడార్లను సంపాదించింది. భారత్ దగ్గర అప్పుడున్న జవాబు 'కాటపుల్ట్'. సోవియట్ కాలపు 130 మిల్లీమీటర్ల ఎం-46 ఫిరంగిని తెచ్చి, ఆవడిలో తయారైన విజయంత ట్యాంకు మీద ఎక్కించిన ఏర్పాటు అది. పైన ఇనుప రేకు, చుట్టూ బాహాటం. చవగ్గా, త్వరగా, ఉన్నవాటితో సర్దుకున్న పని. నిజం చెప్పాలంటే ఆ తర్వాత చాలా ఏళ్ల పాటు గొలుసు చక్రాల ఫిరంగుల విషయంలో మనవాళ్లు చేసిన పనుల్లో ఆచరణకు నోచుకున్నదీ అదే.

బోఫోర్స్ నీడ

1986 మార్చి 24న స్వీడన్ కంపెనీ ఏబీ బోఫోర్స్‌తో కుదిరిన ఒప్పందం విలువ రూ.1,437 కోట్లు. కొన్నది 410 ఎఫ్‌హెచ్-77బి ఫిరంగులు. పోటీలో ఉన్న ఫ్రెంచి సోఫ్మా ఫిరంగిది ఎక్కువ దూరం. అయినా బోఫోర్స్ వైపు మొగ్గడానికి సైన్యం చెప్పిన కారణం ఇదే కొట్టు-కదులు సూత్రం. బోఫోర్స్ కొద్ది సెకన్లలో మూడు గుండ్లు పేల్చగలదు. దానికి సొంతంగా ఒక చిన్న ఇంజిన్ ఉంది. లారీ అక్కర్లేకుండానే నెమ్మదిగా కొంత దూరం తనంతట తాను జరగగలదు. పూర్తి స్వయంచలిత ఫిరంగి కాదు గానీ ఆ దిశలో సగం అడుగు. పాకిస్థాన్ చేతిలోని రాడార్లే ఆ ఎంపికకు ప్రేరణ.

ఏడాది దాటాక, 1987 ఏప్రిల్ 16న స్వీడన్ రేడియో ముడుపుల కథనాన్ని బయటపెట్టింది. తర్వాతిదంతా దేశానికి తెలిసిన చరిత్రే. 1989 ఎన్నికల్లో రాజీవ్ గాంధీ ప్రభుత్వం పడిపోయింది. కేసు కోర్టుల్లో ఏళ్ల తరబడి నడిచింది. 2004లో ఢిల్లీ హైకోర్టు రాజీవ్‌పై లంచం ఆరోపణను కొట్టివేసింది. అసలు నష్టం మరోచోట జరిగింది. ఒప్పందంతో పాటు వచ్చిన ఫిరంగి తయారీ నమూనాలు, సాంకేతిక పత్రాలు ఆయుధ కర్మాగారాల బీరువాల్లో దుమ్ముకొట్టుకుపోయాయి. ఆ పేరున్న కాగితాన్ని ముట్టుకోవడానికే ఎవరూ సిద్ధపడలేదు. పాతికేళ్ల తర్వాత వాటినే వెలికితీసి 'ధనుష్' తయారీ మొదలుపెట్టారు. మొదటి ఆరు ధనుష్ ఫిరంగులు 2019 ఏప్రిల్‌లో సైన్యానికి అందాయి.

మధ్యలో కార్గిల్ వచ్చింది. 1999 వేసవిలో తోలోలింగ్, టైగర్ హిల్ శిఖరాల మీద నక్కిన చొరబాటుదారులపై బోఫోర్స్ ఫిరంగులను నేరుగా గురిపెట్టి పేల్చారు. ఆ యుద్ధంలో భారత శతఘ్ని దళం ప్రయోగించిన గుండ్లు, రాకెట్లు దాదాపు రెండున్నర లక్షలు. కుంభకోణానికి మారుపేరైన ఫిరంగి రెండు నెలల్లో వీరగాథల్లోకి ఎక్కింది. అదే సమయంలో మరో సంగతీ బయటపడింది. శత్రు ఫిరంగుల జాడ చెప్పే రాడార్ మన దగ్గర లేదు, అవతలివారి దగ్గర ఉంది. దాని మూల్యం జవాన్లు చెల్లించారు. కార్గిల్ తర్వాతే అమెరికా నుంచి అలాంటి రాడార్లు తెప్పించారు. ఆనక బెంగళూరులో 'స్వాతి' రాడార్ రూపుదిద్దుకుంది.

ఆ యుద్ధం ముగిసిన ఏడాదే ఫిరంగి దళ ఆధునికీకరణ ప్రణాళిక సిద్ధమైంది. అంతా 155 మిల్లీమీటర్ల ఫిరంగులే. లాక్కెళ్లేవి 1,580, లారీ మీద బిగించినవి 814, చక్రాల స్వయంచలితాలు 180, తేలికపాటివి 145, గొలుసు చక్రాలవి 100. మొత్తం 2,819. పాతికేళ్లలో పూర్తి కావాలన్నది లక్ష్యం.

గొలుసు చక్రాల వంద కోసం అప్పటికే ఒక దారి సిద్ధంగా ఉంది. అర్జున్ ట్యాంకు వేదిక మీద దక్షిణాఫ్రికా కంపెనీ డెనెల్ వారి ఫిరంగి గదిని అమర్చి 'భీమ్' తయారుచేశారు. అర్జున్‌ది మన వేదికే. దాని కవచం 'కాంచన్' హైదరాబాద్‌లోని రక్షణ లోహ పరిశోధనశాలలో పుట్టింది. పరీక్షలు కూడా జరిగాయి. 2005లో మరో ఒప్పందంలో దళారులకు కమీషన్లు చెల్లించిందన్న ఆరోపణపై డెనెల్‌ను ప్రభుత్వం నిషేధించింది. దాంతో భీమ్ కథ అక్కడితో ఆగింది. తర్వాత సింగపూర్ కంపెనీ ఎస్‌టీ కైనెటిక్స్ వంతు. 2012లో ఆ సంస్థతో పాటు జర్మన్ రైన్‌మెటల్ అనుబంధ సంస్థ, ఇజ్రాయెల్ మిలిటరీ ఇండస్ట్రీస్ తదితరాలపై పదేళ్ల నిషేధం పడింది. టెండరు పిలవడం, పరీక్షలు జరపడం, పోటీలో ఒకే కంపెనీ మిగలడం లేదా మిగిలినదాని మీద కేసు పడటం, టెండరు రద్దు... పదిహేనేళ్ల పాటు ఇదే తంతు.

లంచం తీసుకున్నవారిని వదిలేయమని ఎవరూ అనరు. కానీ కంపెనీని నిషేధిస్తే దళారికి కలిగే నష్టం కన్నా సరిహద్దులోని రెజిమెంట్‌కు కలిగే నష్టమే ఎక్కువన్న సంగతి ఢిల్లీలో ఎవరూ బాహాటంగా లెక్కగట్టలేదు. సంతకం పెట్టిన అధికారిని విచారణ వెంటాడుతుంది, పెట్టనివాణ్ని ఎవరూ ఏమీ అడగరు. ఈ ఏర్పాటులో ఫైలు కదలకపోవడమే క్షేమం. ఇందులో మరో విడ్డూరం కూడా ఉంది. స్వీడన్ బోఫోర్స్ ఫిరంగుల విభాగం చేతులు మారి 2005లో బ్రిటన్‌కు చెందిన బీఏఈ సిస్టమ్స్ గొడుగు కిందికి చేరింది. 2016లో భారత్ అమెరికా ప్రభుత్వం ద్వారా కొన్న 145 ఎం-777 తేలికపాటి ఫిరంగుల తయారీదారు ఆ బీఏఈనే. బోఫోర్స్ తర్వాత ముప్ఫై ఏళ్లకు మన సైన్యానికి దక్కిన తొలి కొత్త విదేశీ ఫిరంగి ఆ ఇంటి నుంచే వచ్చిందన్నమాట.

ఎడారి కోసం కొంటే మంచులోకి

రాజస్థాన్ ఎడారిలో జరిగిన పరీక్షల్లో చివరకు రెండు ఫిరంగులు మిగిలాయి. టి-72 వేదికపై రష్యా అమర్చిన ఎంస్టా ఒకటి, దక్షిణ కొరియా కె-9 మరొకటి. కొరియా గెలిచింది. దశాబ్దాలుగా సోవియట్, రష్యా ఆయుధాలకు అలవాటుపడ్డ సైన్యంలో ఇదొక మలుపే. దాదాపు రూ.4,500 కోట్ల ఒప్పందంలో మొదటి పది ఫిరంగుల విడిభాగాలు కొరియా నుంచి వచ్చాయి, మిగతా తొంభై హజీరాలో తయారయ్యాయి. 2018 నవంబరులో దేవ్‌లాలీలో కె-9, ఎం-777 కలిసి సైన్యంలో చేరాయి.

కె-9 లోపం లేని ఆయుధమేమీ కాదు. 2010 నవంబరు 23న ఉత్తర కొరియా యోన్‌ప్యోంగ్ దీవిపై గుండ్ల వర్షం కురిపించినప్పుడు అక్కడున్న ఆరు కె-9లలో మొదట మూడే జవాబివ్వగలిగాయి. నలుగురు చనిపోయారు, వారిలో ఇద్దరు పౌరులు. అయితే కొరియా ఆ లోపాలను సరిదిద్దుకుంటూ అదే నమూనాను వేలల్లో ఒకటిగా మలచింది. నార్వే, ఫిన్లాండ్, పోలండ్ కొన్నాయి. ఒకే నమూనాను పట్టుకుని దశాబ్దాల పాటు మెరుగుపరచడం, ఎగుమతి చేయడం, ఆ రాబడితో మళ్లీ మెరుగుపరచడం. ఈ వరుస భారత్‌లో అర్జున్‌కు గానీ భీమ్‌కు గానీ దక్కలేదు.

మనవాళ్లు దీన్ని కొన్నది పంజాబ్ మైదానాలు, రాజస్థాన్ ఇసుకలో ట్యాంకుల వెంట నడవడానికి. 2020 జూన్‌లో గల్వాన్ ఘర్షణ ఆ లెక్క మార్చేసింది. 2021 మొదట్లో కొన్ని కె-9లను లద్దాఖ్‌కు చేర్చి పరీక్షించారు. గాలి పలచన కావడంతో ఇంజిన్ శక్తి తగ్గుతుంది. గుండు మాత్రం అదే కారణంగా మరింత దూరం పోతుంది. చలికి బ్యాటరీలు మొరాయిస్తాయి, నూనెలు గడ్డకడతాయి. ఇందుకోసం ప్రత్యేక శీతాకాలపు సామగ్రి అమర్చాల్సి వచ్చింది. ఫలితాలు సంతృప్తికరమని అదే ఏడాది అక్టోబరులో నరవణె ప్రకటించారు. మంచుదేశాలైన నార్వే, ఫిన్లాండ్ వాడుతున్న ఫిరంగే కావడంతో ఇందులో పెద్ద ఆశ్చర్యం లేదు. అసలు చిక్కు బరువుతోనే. 47 టన్నుల వాహనం ఎక్కడికంటే అక్కడికి వెళ్లలేదు. వంతెన మోయాలి, రోడ్డు తట్టుకోవాలి. నాలుగు టన్నుల చిల్లర బరువుండే ఎం-777ను చినూక్ హెలికాప్టర్ తగిలించుకుని కొండ మీద దించుతుంది. వజ్రకు ఆ వెసులుబాటు లేదు.

2024 డిసెంబరు 20న మరో వంద కోసం రక్షణశాఖ ఎల్ అండ్ టితో సంతకం చేసింది. విలువ రూ.7,628.70 కోట్లు. మార్పులు, చేర్పులు, రూపాయి విలువ అన్నీ లెక్కలోకి తీసుకోవాల్సిందే. అయినా అదే సంఖ్యకు ఏడున్నరేళ్లలో పెరిగిన ధర చిన్నదేమీ కాదు.

ఆకాశంలో కన్ను

ఈలోగా యుక్రెయిన్ వచ్చింది. 2022 నుంచి సాగిన ఆ యుద్ధం ఫిరంగుల గురించి రెండు పరస్పర విరుద్ధమైన పాఠాలు చెప్పింది. ఒకటి, క్షిపణుల యుగంలోనూ నేల మీద పోరును నడిపించేది ఫిరంగే. రెండు, కదిలే ఫిరంగికి కూడా దాక్కునే చోటు కరవైంది. రాడార్‌కు చిక్కాలంటే ఫిరంగి పేలాలి. డ్రోన్‌కు ఆ అవసరం లేదు. చెట్ల కింద నిలిపిన వాహనాన్ని గంటల తరబడి గాలించి, రష్యా వారి 'లాన్సెట్' వంటి డ్రోన్‌తో నేరుగా దాని మీదే పడొచ్చు. రెండు పక్షాలవారూ కోట్ల డాలర్ల ఫిరంగుల చుట్టూ ఇనుప వలలు, పంజరాలు కట్టుకోవాల్సి వచ్చింది.

అయినా లాక్కెళ్లే ఫిరంగి పరిస్థితి మరింత దయనీయం. దాని కాలం చెల్లిందన్న అభిప్రాయాన్ని 2024లో అమెరికా సైన్యంలో భవిష్యత్ యుద్ధతంత్ర విభాగాధిపతి జనరల్ జేమ్స్ రైనీ వ్యక్తం చేశారు. అదే అమెరికా అత్యంత పొడవైన గొట్టంతో రూపొందించిన తన కొత్త స్వయంచలిత ఫిరంగి ప్రాజెక్టును అదే ఏడాది మూసేసింది. గొట్టం మరీ త్వరగా అరిగిపోవడమే కారణం. దూరం పెంచాలంటే మందు ఎక్కువ వేయాలి, మందు పెరిగితే లోహం అరుగుతుంది. ఈ ముడి ఇంకా ఎవరికీ పూర్తిగా విడలేదు.

ఈ నేపథ్యంలో భారత్ 2025 మార్చిలో చేసిన కొనుగోలును గమనించాలి. పుణెలోని డీఆర్‌డీఓ ప్రయోగశాల రూపకల్పనలో భారత్ ఫోర్జ్, టాటా తయారుచేసే 'అటాగ్స్' ఫిరంగులు 307, లాక్కెళ్లే వాహనాలతో కలిపి సుమారు రూ.6,900 కోట్లు. పరీక్షల్లో 48 కిలోమీటర్ల దూరం కొట్టిన ఈ ఫిరంగి మన ఇంజినీర్ల ఘనతే, సందేహం లేదు. 2013లో మొదలుపెట్టి, 2020లో పోఖ్రాన్‌లో గొట్టం పేలిన ప్రమాదాన్ని దాటి ఇక్కడికి చేర్చారు. కానీ 18 టన్నులున్న అటాగ్స్ లాక్కెళ్లే రకం. 1999 నాటి ప్రణాళికలో లాక్కెళ్లేవాటికి 1,580, గొలుసు చక్రాలకు 100 అని పంచిన నిష్పత్తి కార్గిల్ కొండల అనుభవం నుంచి పుట్టింది. డ్రోన్లు నిండిన ఆకాశం కింద ఆ నిష్పత్తి చెల్లుతుందా అన్నది సైన్యం తనకు తాను వేసుకోవాల్సిన ప్రశ్న. 2025 మేలో ఆపరేషన్ సిందూర్ సమయంలో ఇరువైపులా డ్రోన్లు గుంపులుగా ఎగిరాయి. నియంత్రణ రేఖ మీద మాత్రం ప్రాణాలు తీసింది ఎక్కువగా పాత ఫిరంగి గుండే. పాకిస్థాన్ కాల్పులకు పూంచ్ పట్టణంలో పిల్లలతో సహా పలువురు పౌరులు బలయ్యారు.

పొరుగు దేశాలు మధ్యేమార్గం ఎంచుకున్నాయి. చైనా లారీ మీద బిగించిన పీసీఎల్-181 ఫిరంగులను టిబెట్ పీఠభూమికి చేర్చింది. దాని ఎగుమతి నమూనా ఎస్‌హెచ్-15 పాకిస్థాన్ కొన్నది. గొలుసు చక్రాల వాహనంలో సగం బరువు, సగానికి తక్కువ ఖర్చు, రోడ్డున్న చోటల్లా పరుగు.

ఫిరంగి ఎంత పరుగెత్తినా గుండు లేకపోతే అది ఖరీదైన ట్రాక్టరే. 2017లో కాగ్ పరిశీలించిన 152 రకాల మందుగుండులో 61 రకాల నిల్వలు అప్పట్లో పది రోజుల యుద్ధానికి కూడా చాలేవి కావు. అంతకన్నా విడ్డూరం ఫ్యూజుల సంగతి. గుండు ముక్కున బిగించి, ఎప్పుడు పేలాలో చెప్పే చిన్న పరికరం ఫ్యూజు. అవి చాలక పెద్ద ఫిరంగుల గుండ్లలో 83 శాతం యుద్ధానికి పనికిరాని స్థితిలో ఉన్నాయని కాగ్ తేల్చింది. హైదరాబాద్‌లోని ఈసీఐఎల్ చాలాకాలంగా ఎలక్ట్రానిక్ ఫ్యూజులు తయారుచేస్తున్నా అవసరం అంతకు మించింది. 2023 డిసెంబరులో భారత్ ఎలక్ట్రానిక్స్‌తో పదేళ్లకు రూ.5,336 కోట్ల ఫ్యూజుల ఒప్పందం కుదిరింది. ఈ కొరత మనకే పరిమితం కాదు. పన్నెండు నెలల్లో పది లక్షల గుండ్లు యుక్రెయిన్‌కు ఇస్తామన్న యూరోపియన్ యూనియన్ 2024 మార్చి గడువుకు సగం మాత్రమే ఇవ్వగలిగింది.

ఇక స్వదేశీ మాట. వజ్ర ఉక్కు శరీరం హజీరాలో తయారవుతుంది, విడిభాగాలను అనేక చిన్న పరిశ్రమలు అందిస్తాయి. గుండెకాయ లాంటి ఇంజిన్ మాత్రం జర్మన్ ఎంటీయూ రూపకల్పన. ఇదే ఇంజిన్ కారణంగా కొన్ని పశ్చిమాసియా దేశాలకు అమ్మడానికి జర్మనీ ఎగుమతి నిబంధనలు అడ్డొచ్చాక, కొరియా సొంత ఇంజిన్ తయారీకి పూనుకుంది. భారత్‌లో అర్జున్‌దీ అదే కష్టం, దానిదీ జర్మన్ ఇంజినే. యుద్ధం ముంచుకొచ్చిన రోజున విడిభాగం పంపాలా వద్దా అని నిర్ణయించేది మరో రాజధాని కావచ్చు. కార్గిల్ వేళ బోఫోర్స్ విడిభాగాలకు ఎదురైన ఇక్కట్లు మరచిపోయేంత పాతవి కావు.

లారీ మీద బిగించే 814 ఫిరంగులకు రక్షణ కొనుగోళ్ల మండలి 2014 నవంబరులోనే రూ.15,750 కోట్లతో ఆమోదం తెలిపింది. పదేళ్లు గడిచాక, 2024 నవంబరు నాటికి కూడా ఒక్క ఫిరంగికీ ఒప్పందం కుదరలేదు.